నిరుద్యోగం లెక్క గురించి మనవలకు

శ్రీకాకుళం

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ ఆశీస్సులు.

"బాగా చదివిన వాళ్లకే ఉద్యోగాలు దొరకడం లేదట కదా తాతయ్యా, మరి మేము డిగ్రీలో చేరడం ఎందుకు?" అని మొన్న అడిగారు. ఉపాధి కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన నన్ను అడగవలసిన ప్రశ్నే. ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదు గనుక రాస్తున్నాను.

నిరుద్యోగంలో యువత అంటే 15 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్లు. కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వే ప్రకారం 2023-24లో దేశం మొత్తం మీద యువతలో నిరుద్యోగం 10.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 17.5. ఊరూరా బడులున్న కేరళలో దాదాపు 30. మధ్యప్రదేశ్‌లో 2.6 మాత్రమే. అలాగని మధ్యప్రదేశ్‌లో కొలువులు కుప్పలు పోసి ఉన్నాయనుకోకండి. పని చేస్తున్న వాళ్లనూ, పని కోసం చూస్తున్న వాళ్లనూ కలిపి, అందులో పని దొరకని వాళ్లు ఎందరో చెప్పేదే ఈ శాతం. ఏడాదిలో 30 రోజులు పని చేసినా ఉపాధి ఉన్నట్టే లెక్క. నాన్న పొలంలో జీతం లేకుండా సాయం చేసినా అంతే. పూట గడవని ఇంటి కుర్రవాడు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేడు. దొరికిన కూలికి పోతాడు, నిరుద్యోగుల లెక్కలోంచి తప్పుకుంటాడు. ఇంట్లో కాస్త ఆధారం ఉన్న డిగ్రీ కుర్రవాడు తగిన పని కోసం ఆగుతాడు, ఆ లెక్కలో చేరతాడు. చదువు ఉద్యోగాన్ని చెడగొట్టిందని ఈ అంకెలకు అర్థం కాదు. చదువుకున్న వాళ్లకు తగిన పని మన దగ్గర పుట్టలేదని అర్థం.

మన జిల్లాల బాధయితే ఆ శాతంలో సగమైనా కనబడదు. మన పిల్లలు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో రైలెక్కి వెళ్లిపోతారు. అక్కడ ఏదో ఒక పనిలో ఉంటారు గనుక నిరుద్యోగులు కారు. మన తీరంలో మరపడవలు నిలిపే హార్బరు లేక మత్స్యలేశం వంటి ఊళ్ల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి కూలికి వేట చేస్తున్నారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు అలా వేటలో ఉండగా పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇంటి ముఖం చూడలేదు. పట్టుబడిన రోజున వాళ్లంతా సర్వే లెక్కలో ఉపాధి ఉన్నవాళ్లే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఇక ప్రభుత్వం చేస్తున్న పనులు. మా కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని, మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ తలలు నెరిసిన వాళ్లను చూశాను. 1959 నాటి చట్టం ఖాళీలను మాకు తెలియజేయాలంది గాని, మా జాబితా నుంచే మనుషులను తీసుకోవాలని అనలేదు. ఆ ఒక్క లోపంతో ఎన్నో కార్డులు బీరువాల్లోనే ఉండిపోయాయి. టీచరు పోస్టుల సంగతీ చూడండి. 2018 డీఎస్సీ తరువాత 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ 2025లో వచ్చింది. వచ్చినందుకు సంతోషమే. కాని ఆ మధ్య ఏళ్లలో కోచింగు సెంటర్లలో గడిచిన ఆడపిల్లల వయసు ఎవరు తిరిగి ఇస్తారు? నోటిఫికేషన్ ఏటా రావాలి, అది మనం గట్టిగా అడగవలసిన హక్కు.

నైపుణ్య శిక్షణలు, జాబ్ మేళాలు చాలా జరుగుతున్నాయి. శిక్షణ ఇచ్చే చోట సర్టిఫికెట్ గురించి కాదు, కిందటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడ, ఎంత జీతానికి పని చేస్తున్నారో అడగండి. నన్నడిగితే అన్నిటిలోకీ అప్రెంటిస్‌షిప్ మేలు. కర్మాగారంలోనే పని నేర్పుతూ స్టైపెండు ఇస్తారు, అందులో కొంత కేంద్రం భరిస్తుంది. పైడిభీమవరం మందుల కంపెనీల్లో కెమిస్ట్రీ చదివిన వాళ్లకు అవకాశాలుంటాయి. చేరేముందు అది పర్మినెంటా కాంట్రాక్టా అన్నది కాగితం మీద చూసుకోవాలి. భోగాపురం విమానాశ్రయం, మూలపేట రేవు మన భూముల్లో, మన ఊళ్ల పక్కన పెట్టినవి. వాటిలో మట్టి మోసే పని మాత్రమే మనకు మిగలకూడదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులు చిన్నచూపు చూడకండి, ఆడపిల్లలు కూడా.

డిగ్రీలో చేరండి. చేరేటప్పుడే, మూడేళ్లలో చేతికి ఏ పని వస్తుందో కాలేజీ వాళ్లను నిలదీయండి.

చివరిగా ఒక పని అప్పగిస్తున్నాను. ఉద్దానంలో మన చుట్టాల అబ్బాయి వెల్డింగు పనికి గల్ఫ్ వెళ్లాలని ఏజెంటుకు డబ్బు కట్టబోతున్నాడట. విదేశాంగ శాఖ లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ ఫీజు తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో మీరే చూసి వాడికి చెప్పండి. టూరిస్టు వీసా మీద పనికి వెళ్లవద్దని నా మాటగా చెప్పండి. డబ్బు కట్టేలోగా ఆ కాగితాలన్నీ నాకు పంపమనండి.

మీ తాతయ్య