తెలుగు పాఠ్య ప్రణాళికలోకి ఆలోచనా ప్రశ్న ఎలా వచ్చింది?

నల్లగొండ, పాలమూరు బడుల్లో నేడు నడివయసులో ఉన్న తెలుగు పండితుల్లో చాలామంది శిక్షణ కాలంలో నేర్చుకున్నది జర్మన్ విద్యావేత్త హెర్బార్ట్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన సోపాన పద్ధతి. పూర్వజ్ఞాన పరిశీలన, శీర్షిక ప్రకటన, ఆదర్శ పఠనం, ప్రతిపదార్థం, తాత్పర్యం, పునర్విమర్శ అనే వరుసలో పాఠం సాగేది. 1956లో అమెరికా విద్యావేత్త బ్లూమ్ బృందం ప్రకటించిన బోధన లక్ష్యాల వర్గీకరణ మన శిక్షణ కళాశాలల్లోకి ‘లక్ష్యాలు, స్పష్టీకరణలు’గా దిగింది. 2001లో దాన్ని సవరించి సృజనను శిఖరాన నిలిపినా, ఇక్కడి పండితులు రాసే పాఠ ప్రణాళికల్లో ఆ సృజన గడి చాలాకాలం నామమాత్రంగానే మిగిలింది.

అసలు మలుపు బట్టీ చదువు నుంచి బయటపడాలన్న 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంతో మొదలైంది. 2009 విద్యాహక్కు చట్టం ఏడాది పొడవునా పిల్లల ప్రగతిని అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని తప్పనిసరి చేయగా, ఉమ్మడి రాష్ట్రం 2011లో సొంత విద్యాప్రణాళిక పరిధి పత్రాన్ని తెచ్చి, దానికి అనుగుణంగా వాచకాలను మార్చింది. తెలంగాణ ఏర్పడ్డాక ఆ దారే కొనసాగి, పదో తరగతిలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 అంతర్గత మూల్యాంకనానికి కేటాయించారు.

పోతన బలిచక్రవర్తి ఘట్టాన్నే చూడండి. ‘బలి దానగుణాన్ని వివరించండి’ అన్న పాత ప్రశ్న స్థానంలో ‘గురువు హెచ్చరికను కాదన్న బలి నిర్ణయాన్ని మీరు సమర్థిస్తారా?’ అన్నది వచ్చింది. మార్పు మంచిదే, కానీ ఏడాది తిరక్కముందే గైడ్లు దానికీ జవాబు అచ్చువేశాయి, పిల్లలు దాన్ని కంఠస్థం చేశారు. అచ్చయిన జవాబు ఉన్న ప్రశ్న ఎంత గంభీరంగా ఉన్నా జ్ఞాపకశక్తి పరీక్షే. కాబట్టి లోపం ప్రణాళికలో రాసే ‘వివరించండి’, ‘సమర్థించండి’ లాంటి క్రియాపదాల్లో కంటే, ఒకే మూసలో ఉన్న జవాబుకే మార్కులు వేసే అలవాటులో ఉందని నా అభిప్రాయం.

శుక్రాచార్యుడి హెచ్చరిక దగ్గర పాఠం ఆపి, బలి ఏం చేయాలో తరగతినే తేల్చమని, ప్రతి వాదానికీ పద్యంలోని మాటను ఆధారంగా చూపమని అడిగితే గైడు అక్కరకు రాదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని వలసపోయే కుటుంబాలున్న పాలమూరులో, ఇచ్చిన మాట ఎవరిని ఎంతవరకు కట్టిపడేస్తుందో పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు. అయితే ఈ చర్చకు కనీసం రెండు పీరియడ్లు కావాలి. సిలబస్ పూర్తికావాలన్న ఒత్తిడిలో మొదట కోతపడేది వీటికే. 2022లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ కార్యక్రమం తొలిమెట్టు ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, చిన్న లెక్కలు చేయడం మీద దృష్టి పెట్టింది. ధారాళంగా చదవలేని పిల్లవాడు పద్యంలో ఆధారం వెతకలేడు కనుక, ఉన్నత పాఠశాల పండితుడి ప్రణాళిక ఫలితం కొంతవరకు ఆ కింది తరగతుల మీదే ఆధారపడి ఉంది.