40 గ్రాముల హ్యామ్‌స్టర్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా క్లినిక్‌కు వచ్చేవి ఎక్కువగా కుక్కలు, పిల్లులే. ఈ మధ్య చెప్పుల డబ్బాల్లో, మూతకు రంధ్రాలు పెట్టిన బిర్యానీ డబ్బాల్లో డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్లను, అంటే ఎలుక జాతికి చెందిన బుల్లి పెంపుడు ప్రాణులను కూడా తెస్తున్నారు. పెట్ షాపులో చెప్పేది ఒకటి, యూట్యూబ్‌లో చూసేది ఇంకొకటి, ఇంట్లో పెద్దవాళ్లు అనేది మరొకటి. మన దగ్గర దొరికే క్యాంప్‌బెల్, వింటర్ వైట్, రోబోరోవ్‌స్కీ రకాల సొంతూళ్లు మంగోలియా, సైబీరియా, కజకిస్తాన్ వైపు. పెద్దయ్యాక కూడా 20 నుంచి 50 గ్రాములే తూగుతాయి. చలి దేశపు ప్రాణి, పైగా అంత చిన్న ఒళ్లు. కింద చెప్పే అపోహలు చాలావరకు ఈ రెండూ మర్చిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఎండాకాలం కదలకుండా పడుంటే అది శీతనిద్ర

ముందుగా ఇదే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ప్రాణాలు తీసేది ఈ నమ్మకమే. ఒళ్లు చల్లబడి, ఊపిరి బాగా నెమ్మదించి, చచ్చిపోయినట్టు పడుండే స్థితి హ్యామ్‌స్టర్లకు ఉన్నమాట నిజమే. కానీ అది చలికి, తిండి తగ్గితే వచ్చేది. ఆదిలాబాద్ వైపు డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోతుంటుంది కాబట్టి అక్కడివాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. చల్లగా బిగుసుకుపోయి కనిపించినా పాతిపెట్టడానికి తొందరపడకండి. అరచేతుల మధ్య పెట్టుకుని నిదానంగా వెచ్చబరచండి.

మే నెలలో ఒళ్లు వేడిగా ఉండి, గడ్డం కింద చొంగతో తడిసి, ఎగశ్వాసతో వాలిపోతే అది వడదెబ్బ. వీటికి హాయిగా ఉండేది 18 నుంచి 26 డిగ్రీల మధ్య. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. మన దగ్గర మేలో 43, 44 మామూలే, రామగుండం సంగతి సరేసరి. డాబా మీది గదిలో, రేకుల కింద పంజరం పెట్టారంటే ఇక చెప్పేదేముంది! వడదెబ్బ తగిలిన దాన్ని ఐసు నీళ్లలో ముంచొద్దు, నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు. చల్లటి గదిలోకి తెచ్చి, మామూలు నీళ్లతో తడిపిన గుడ్డ మీద పడుకోబెట్టి, చెవులు, పాదాలు తడిపి, వెంటనే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

ఏసీ లేనివాళ్లు కింది అంతస్తులో ఎండ తగలని గది చూసుకోండి. పంజరంలో ఒక షాబాద్ బండ ముక్క వేయండి. మధ్యాహ్నం దాని మీద పొట్ట ఆనించి, నాలుగు కాళ్లూ చాపుకుని పడుకుంటుంది. పక్కన అంచు కొంచెం పగిలిన గురిగి (చిన్న మట్టికుండ) బోర్లా పెట్టి, పగిలిన చోటు నున్నగా అరగదీస్తే అదే దాని ఇల్లు. నీళ్ల సీసాను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పంజరం బయట ఆనించండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వద్దు. కిటికీలన్నీ మూసి కూలర్ వేస్తే గదంతా ఉక్కపోస్తుంది.

అపోహ: దూది పరిస్తే మెత్తగా, హాయిగా ఉంటుంది

ఎనుమాముల పత్తి మార్కెట్ ఉన్న ఊళ్లో దూదికి కరువేముంది! కానీ హ్యామ్‌స్టర్ కాలు అగ్గిపుల్లంత ఉంటుంది. సన్నటి పోగు ఒకటి చుట్టుకుంటే గుంజుకునే కొద్దీ బిగుస్తుంది. ఒకటి రెండు రోజులు ఎవరూ గమనించరు. నా దగ్గరికి తెచ్చేసరికి పాదం వాచి, నల్లబడి ఉంటుంది. భూతద్దం పెట్టుకుని, బొచ్చులోకి దిగిపోయిన పోగును వెతికి కత్తిరించాల్సి వస్తుంది. బుగ్గ సంచుల్లో కుక్కుకుని మింగితే పేగు మూసుకుపోతుంది. షాపుల్లో రంగురంగుల ప్యాకెట్లలో అమ్మే ఫ్లఫ్ (దూదిలాంటి పరుపు) కూడా ఇదే బాపతు. మిల్లు నుంచి తెచ్చే రంపపు పొట్టులో దుమ్మెక్కువ, వడ్ల ఊక కళ్లలో గుచ్చుకుంటుంది. వాసన లేని తెల్ల టిష్యూ పేపర్ చింపి, కనీసం 15 సెంటీమీటర్ల మందాన వేయండి. సొరంగాలు అదే తవ్వుకుంటుంది.

అపోహ: ఎలుక జాతే కదా, ఏం పెట్టినా తింటుంది

తింటుంది, అదే సమస్య. క్యాంప్‌బెల్ రకానికి, దాని సంకరాలకు షుగర్ జబ్బు తొందరగా వస్తుంది. షాపుల్లో అమ్మేవాటిలో ఏది సంకరమో చూసి చెప్పడం కష్టం, కాబట్టి అన్నిటికీ తీపి బంద్ చేయడమే మేలు. 5 గ్రాముల ద్రాక్షపండు 40 గ్రాముల ప్రాణికి ఒంటి బరువులో ఎనిమిదో వంతు. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముక్క పెట్టి మురిసిపోయే పిల్లలకు ఈ లెక్క చెప్పండి. హ్యామ్‌స్టర్ల మేత గుళికలతో పాటు కొర్రలు, జొన్నలు, సజ్జలు కొద్దికొద్దిగా, ఎప్పుడన్నా గోరంత కీరా ముక్క పెట్టొచ్చు. పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలు కొవ్వు పెంచుతాయి. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మజాతి పండ్లు, చాక్లెట్ అసలే వద్దు. నీళ్లు మామూలు కంటే ఎక్కువ తాగుతూ, పరుపు తొందరగా తడిసిపోతుంటే షుగర్ అనుమానించండి. గ్రాము తేడా చూపే చిన్న డిజిటల్ కాటా మీద వారానికోసారి తూచి రాసుకోండి. 4 గ్రాములు తగ్గితే మన కంటికి కనిపించదు, కానీ దానికి అది పదో వంతు బరువు.

అపోహ: పిల్లలకు వాడే సిరప్ ఒక చుక్క వేస్తే తగ్గుతుంది

దీనికి మాత్రం నాకు కోపం వస్తుంది. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు హ్యామ్‌స్టర్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగి, విషం తయారుచేసి, విరేచనాలతో ప్రాణం తీస్తుంది. జబ్బుతో బతికేది మందుతో పోతుంది. మెడికల్ షాపు సలహా, పక్కింటివాళ్ల సలహా రెండూ వద్దు.

అపోహ: ఒంటరిగా ఉంటే బెంగపడుతుంది, జంటగా పెంచాలి

పంజరంలో ఒక్కటుంటే టెన్షన్ పడేది మనమే, అది కాదు. కొన్ని కలిసి ఉంటాయి, కానీ ఏ రాత్రి రక్తం వచ్చేలా కొట్టుకుంటాయో చెప్పలేం. ఇక షాపువాళ్లు ‘రెండూ ఆడవే’ అని ఇచ్చినవి నిజంగా ఆడవే అన్న గ్యారంటీ లేదు. గర్భం దాదాపు మూడు వారాలే. ఈనిన వెంటనే మళ్లీ చూలు కట్టగలదు. ఒక్కదాన్నే పెంచుకోండి, ఇంట్లో సంత పెట్టుకోకండి.

అపోహ: వారానికోసారి స్నానం చేయించాలి

వద్దు. నీళ్లు పోస్తే ఒళ్లు చల్లబడి జబ్బు పడుతుంది. సన్నటి ఇసుకను జల్లించి, కడిగి, బాగా ఎండబెట్టి గిన్నెలో పెడితే అదే పొర్లుతుంది. టాల్కం పౌడర్ చల్లొద్దు.

అపోహ: కరిస్తే రేబిస్ వస్తుంది

హ్యామ్‌స్టర్ నుంచి మనిషికి రేబిస్ సోకినట్టు ఆధారాల్లేవు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో బాగా కడిగి, టీటీ సంగతి డాక్టర్‌ను అడగండి. భయపడాల్సింది వేరే వాటికి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా దీని నుంచి మనకు రావచ్చు, కాబట్టి పట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. దీని నుంచే రాగల ఎల్‌సీఎంవీ అనే వైరస్ కడుపులో బిడ్డకు ప్రమాదం, అందుకే గర్భిణులు పంజరం జోలికి వెళ్లొద్దు.

గడ్డ అనుకుని పరుగెత్తుకొచ్చేవి

పసుపుపచ్చ పళ్లు జబ్బు కాదు, వాటి రంగే అంత. పొట్ట మధ్యలో పసుపుగా, జిడ్డుగా కనిపించేది వాసన గ్రంథి. రెండు బుగ్గలూ ఉబ్బితే తిండి దాచుకుందని అర్థం. ఒక్కవైపే రోజంతా ఉబ్బి ఉంటే మాత్రం చూపించాలి. ఎండాకాలం వెనక కాళ్ల మధ్య ‘పెద్ద గడ్డ’ వచ్చిందని కంగారుగా తెచ్చేవాళ్లుంటారు. అవి వృషణాలండీ, వేడికి కిందికి జారుతాయి. ఫీజు తీసుకోను, ఆడదనుకుని పెట్టిన పేరు మాత్రం మార్చుకోమంటాను.

క్లినిక్‌కు తెచ్చేటప్పుడు పాత పరుపు కొంచెం డబ్బాలో వేసి, పంజరం ఫొటో ఒకటి ఫోన్‌లో తీసుకుని, ఎండపూట కాకుండా తీసుకురండి. ఇంత చిన్న ప్రాణులను అన్నిచోట్లా చూడరు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి.