ఫార్మా క్లస్టర్ల వ్యాలిడేషన్: అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో ఫార్మా మోడలింగ్ బృందాలకు (మందు శరీరంలో ఎలా పనిచేస్తుందో లెక్కగట్టేవారికి) లినక్స్ క్లస్టర్లు, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపులు, అమర్చడం నా పని. అవి అనుకున్నట్టే పనిచేస్తున్నాయని పరీక్షించి రుజువులతో చూపడమే వ్యాలిడేషన్. వైట్‌ఫీల్డ్ వైపు మా వృత్తిలో తెలుగువాళ్లకు కొదవ లేదు. కొత్తగా చేరినవారి నోట ఈ మాటలు తరచూ వింటుంటాను.

అపోహ: "నాన్‌మెమ్‌ను ఎఫ్‌డీఏ ఒప్పుకుంటుంది కదండీ, మళ్లీ వ్యాలిడేషన్ ఎందుకు?"

నాన్‌మెమ్ మందుల మోడలింగ్ సాఫ్ట్‌వేర్, ఎఫ్‌డీఏ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ. నాన్‌మెమ్‌తో చేసిన విశ్లేషణను ఎఫ్‌డీఏ స్వీకరించడం వేరు, మీ సర్వర్‌కు పూచీ పడటం వేరు. ఎలక్ట్రానిక్ రికార్డులపై ఎఫ్‌డీఏ తెచ్చిన 1997 నాటి పార్ట్ 11 నిబంధన ప్రకారం వ్యాలిడేషన్ భారం వాడే సంస్థదే. తయారీదారు ఇచ్చిన పరీక్షలు పనికొస్తాయి. మీ కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్) సంగతి వాటికేం తెలుసు?

అపోహ: పాత సర్వర్ ఫలితం, కొత్త సర్వర్ ఫలితం చివరి అంకె వరకు కలవాలి.

నాన్‌మెమ్ మన మోడల్‌ను ఫోర్ట్రాన్ కోడ్‌గా మార్చి అక్కడికక్కడే కంపైల్ చేయిస్తుంది. జీఫోర్ట్రాన్ కంపైలర్ వెర్షన్ మారినా, ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ (వేగం పెంచే సెట్టింగ్) మారినా, సర్వర్లు కలిసి లెక్క చేసే ఎంపీఐ పద్ధతితో పనిని నోడ్లకు (క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్‌కు) పంచినా కూడికల వరుస మారవచ్చు. దశాంశాల కూడికలో వరుస మారితే కంప్యూటర్‌కు చివరి అంకెలు మారవచ్చు. చాలాసార్లు అది పట్టించుకోనక్కర్లేని తేడా. కానీ డేటా చాలని మోడల్ అయితే, ఒక నోడ్‌లో సజావుగా ముగిసిన పని ఇంకో నోడ్‌లో 'రౌండింగ్ ఎర్రర్స్, 134' అంటూ ఆగిపోవచ్చు. అప్పుడు సర్వర్‌ను తిట్టేముందు మోడల్‌ను చూడండి.

ఆబ్జెక్టివ్ ఫంక్షన్‌కు (మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే సంఖ్యకు) ఎంత తేడా ఒప్పుకుంటారో, పారామీటర్లకు ఎంతో పరీక్షకు ముందే ప్రోటోకాల్‌లో (పరీక్ష ప్రణాళికలో) రాయండి. ఫలితం చూశాక రాస్తే ఆడిటర్ పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. పాత, కొత్త ప్రాసెసర్లు కలిసిన క్లస్టర్ అయితే ప్రతి రకం నోడ్‌పైనా పరీక్షించాలి. లాగిన్ నోడ్‌పై (వాడేవారు ప్రవేశించే సర్వర్‌పై) మాత్రమే నడిపి సంతకాలు పెట్టిన నివేదికలు చూస్తే ఒళ్లు మండుతుంది.

అపోహ: వ్యాలిడేట్ అయ్యాక దేన్నీ ముట్టుకోకూడదు.

సెంటోస్ 7 అనే లినక్స్ వెర్షన్‌కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. ముట్టుకోకుండా కూర్చున్నవారికి ఆ తర్వాత భద్రతా ప్యాచ్‌లూ లేవు. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపండి, ప్రతి మార్పునూ ఛేంజ్ కంట్రోల్ (మార్పును సమీక్షించి, ఆమోదించి, నమోదు చేసే పద్ధతి) ద్వారా తీసుకురండి. కెర్నల్ (లినక్స్ మూల భాగం) ప్యాచ్‌కు కొన్ని పరీక్షలు చాలవచ్చు. కంపైలర్ మారితే మాత్రం గణన పరీక్షలన్నీ మళ్లీ నడపాల్సిందే.

అపోహ: స్క్రీన్‌షాట్లు ఎన్ని ఉంటే అంత భద్రం.

2022లో వచ్చిన గ్యాంప్ 5 (ఫార్మా కంప్యూటర్ వ్యవస్థల వ్యాలిడేషన్ మార్గదర్శి) రెండో ఎడిషన్ కాగితాల గుట్ట కన్నా ఆలోచనకే పెద్దపీట వేసింది. వంద స్క్రీన్‌షాట్లు తీసినవారు కూడా నోడ్ల గడియారాలను వదిలేస్తారు. ఒక నోడ్ రెండు నిమిషాలు వెనకబడితే, ఫలితాల ఫైలు మోడల్ ఫైలు కన్నా ముందే పుట్టినట్టు కనిపించవచ్చు. అందుకే గడియారాలను సరిచేసే క్రోనీ ప్రోగ్రామ్ తనిఖీని నేను ఓక్యూలోనే (వ్యవస్థ సరిగా పనిచేస్తోందో చూసే వ్యాలిడేషన్ దశలోనే) పెడతాను.