చాటికోన సంత నుంచి నియంగిరి గ్రామసభ దాకా

బుధవారం చాటికోన సంతకి డోంగ్రియా కోంధు తెగవాళ్లు పసుపు, అల్లం, అనాసపళ్లు మోసుకుని నియంగిరి కొండలు దిగి వస్తారు. ఒడిశాలోని మా రాయగడ తెలుగువాళ్లు సరుకు కొంటారు, చనువుంటే నడుంనొప్పికో జ్వరానికో వేరు మందు కూడా అడుగుతారు. పాత పరిచయమే ఇది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా రాయగడ వైపు కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖ ఏజెన్సీవే.

టూరిస్టులు చాలా తర్వాత వచ్చారు, మనుషుల్ని చూడటానికి. ఇక్కడా, కొరాపుట్ జిల్లాలో బోండా తెగవాళ్లు వచ్చే ఒనుకుడెల్లి గురువారం సంతలోనూ కెమెరాలు ఆడవాళ్ల మొహాల మీదకే వెళ్లేవి. జీపులు, హోటళ్లు బయటివాళ్లవి. 2012లో ఒడిశా ప్రభుత్వం ఆదిమ తెగల ఫొటోలు తీయడంపై ఆంక్షలు పెట్టింది. మంచిదే, కానీ ఆ మాటా భువనేశ్వర్ నుంచే వచ్చింది.

కొండవాళ్ల మాట చెల్లింది ఆ మరుసటి ఏడాదే. నియంగిరి మీద బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5 ఊళ్లు ఎంచారు. జూలై, ఆగస్టు నెలల్లో ఒక్కో ఊరూ జడ్జి ఎదుట కూర్చుని ‘వద్దు’ అంది. పన్నెండుకు పన్నెండూ. కొండ తమ దేవుడు నియమరాజుది, అక్కడి ఊటలు, పళ్లు, మందుచెట్లు ఆయన ఇచ్చినవేనని వాళ్లు చెప్పారు. 2014 జనవరిలో కేంద్రం గని అనుమతి నిరాకరించింది.

కొండని తవ్వొద్దని చెప్పగలిగిన సభ, కొండ ఎక్కేదెవరో కూడా చెప్పగలగాలి. ఎంతమంది రావాలి, ఎవరింట్లో ఉండాలి, దారి చూపే కుర్రాడికి ఎంత ఇవ్వాలి, ఏ గుడి వైపు, ఏ చెట్టు వైపు వెళ్లకూడదు అన్నవి ఆ ఊరే తేల్చుకోవాలి. టూరిజం అక్కడివాళ్ల చేతుల్లో ఉండాలని నేను అనేది ఈ అర్థంలోనే.

మందుల సంగతి ఇంకా చిక్కు. సంప్రదాయ జ్ఞానం మీద అడవిలో బతికే సమాజానికి హక్కుందని 2006 అటవీ హక్కుల చట్టం రాసింది. జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ మాత్రం గ్రంథాల్లోకెక్కిన జ్ఞానాన్ని వాడుకునే దేశీయ కంపెనీలకి, లాభంలో వాటా ఇవ్వాల్సిన బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. కొండ మీద మందిచ్చే దిసారికి గ్రంథం లేదు. ఏ వేరు ఏ నెలలో తవ్వాలో పెద్దవాళ్ల వెంట తిరిగి నేర్చుకున్నాడు. అదే వేరు ఏ ఆయుర్వేద పుస్తకంలోనో కనబడితే, సంతలో అతన్ని అడిగి తెలుసుకుని వెళ్లినవాడు ఆ ఊరికి పైసా ఇవ్వక్కర్లేదని వాదించొచ్చు.