ఒక అక్షరం మారిన ఊరు

చెవుడు గురించి మన భాషలో ఉన్న మాటలు ఒకసారి గుర్తుచేసుకోండి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం. పిలిస్తే పలకనివాణ్ణి బ్రహ్మచెవుడా అని దెప్పుతాం. వినపడనివాళ్ళ గురించి మనం తయారుచేసుకున్నవి ఎక్కువగా వెక్కిరింతలే. బాలి భాషలో చెవిటివాళ్ళను 'కోలొక్' అంటారు. ఇండోనేషియాలోని ఒక పల్లెలో ఆ మాట ఒక సైగల భాష పేరులో చేరింది. 'కతా కోలొక్', అంటే చెవిటివాళ్ళ మాట.

ఆ పల్లె పేరు బెంగ్‌కాల. బాలి అనగానే హనీమూన్ ప్యాకేజీలు, సముద్రపు ఒడ్డున హోటళ్ళు గుర్తొస్తాయి. ఆ సందడి చాలావరకు ద్వీపానికి దక్షిణాన ఉంటుంది. బెంగ్‌కాల ఉత్తరాన, కొండలకూ సముద్రానికీ మధ్య, బులెలెంగ్ జిల్లాలో ఉంది. టూరిస్టులు పెద్దగా తొంగిచూడని వైపు. ఊరి వయసు 700 ఏళ్ళకు పైనే. 1995లో జన్యు శాస్త్రజ్ఞులు లెక్క తీసినప్పుడు ఊళ్ళో 2,185 మంది ఉంటే, వాళ్ళలో 2.2 శాతం మంది పుట్టుకతోనే పూర్తిగా చెవిటివాళ్ళు. మామూలుగా వెయ్యి మంది పిల్లలు పుడితే ఒకరిద్దరికి ఇలా ఉంటుంది. ఇక్కడ వెయ్యికి ఇరవై రెండు.

ఊళ్ళో దీనికి శాపం కథ ఒకటి చెప్తారు. శాస్త్రజ్ఞులు మాత్రం రక్త నమూనాలు తీసుకుని 17వ క్రోమోజోము దాకా వెళ్ళారు. 1998లో జన్యువు దొరికింది. దాని పేరు ఎంవైఓ15ఏ. ఆ జన్యువు ఒక ప్రొటీన్‌కు నమూనా, నాలుగు రసాయన అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ ప్రొటీన్ సుమారు 3,500 అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండలాంటిది. బెంగ్‌కాలలో ఆ నమూనాలో ఒకే ఒక్క అక్షరం మారింది, 'ఎ' ఉండాల్సిన చోట 'టి' వచ్చింది. దాంతో ప్రొటీన్‌లో ఒకచోట ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ఫినైల్ అలనిన్ అనేది వచ్చి కూర్చుంది. అంతే తేడా.

అంత చిన్న తేడాకు చెవి ఎందుకు పనిచెయ్యకుండా పోతుందో తెలియాలంటే లోపలి చెవిలోకి వెళ్ళాలి. అక్కడ నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలో దాదాపు పదహారు వేల కణాలు వరసలు కట్టి ఉంటాయి. ఒక్కో కణం నెత్తిన సన్నటి పోగుల కుచ్చు ఉంటుంది. ఈ పోగులు అన్నీ ఒకే ఎత్తు కావు. పొట్టివి ముందు, పొడుగువి వెనక, మెట్లలా ఉంటాయి. శబ్దం వచ్చి లోపలి ద్రవాన్ని కదిలిస్తే పోగులు వంగుతాయి. అవి వంగినప్పుడు సన్నటి ద్వారాలు తెరుచుకుని కణంలో విద్యుత్ సంకేతం పుడుతుంది. మనం విన్నాం అనుకునేది అక్కడ మొదలవుతుంది.

ఆ పోగులు సరైన ఎత్తుకు పెరగాలంటే, వాటి కొసకు ఎప్పటికప్పుడు సరుకు అందుతుండాలి. మనం చెప్పుకుంటున్న ప్రొటీన్ చేసే పని అదే. మేడ కట్టేచోట తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కే కూలీలా, పోగు వెంట నడుచుకుంటూ కొసకు సరుకు చేరుస్తుంది. కూలీ రాకపోతే మేడ లేవదు. పోగులు పొట్టిగానే ఉండిపోతాయి, శబ్దం వచ్చినా సంకేతం పుట్టదు. ఇదే జన్యువు దెబ్బతిన్న ఎలుకలు కొన్ని ప్రయోగశాలల్లో ఉండేవి. వాటికి చెవుడుతో పాటు గుండ్రంగా తిరుగుతూనే ఉండే జబ్బు. అదే 1998లో, అలాంటి ఎలుకల పిండంలోకి మంచి జన్యువును చేరిస్తే, పుట్టిన పిల్లకు వినపడింది, తిరగడమూ ఆగింది.

ఈ కథలో మన దేశమూ ఉంది. ఆ జన్యువును గుర్తించడానికి బెంగ్‌కాలతో పాటు తోడ్పడిన మరో రెండు కుటుంబాలు భారతదేశంలోవే, దగ్గరి సంబంధాలు చేసుకున్న కుటుంబాలు. అక్షరం మారిన చోటు వేరు, జన్యువు మాత్రం అదే. మేనరికాలు చేసుకునే తెలుగువాళ్ళకు ఈ లెక్క కొత్తేమీ కాదు. ఈ జన్యువుకు మనలో రెండు ప్రతులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ పాడైతేనే చెవుడు. పాడైన ప్రతి ఒక్కటే ఉంటే మనిషికి ఏ ఇబ్బందీ లేదు, శుభ్రంగా వినపడుతుంది. బెంగ్‌కాలలో వినికిడి ఉన్నవాళ్ళలో వందకు పదిహేడు మంది దాకా అలాంటివాళ్ళేనని అంచనా. అలాంటి ఇద్దరు పెళ్ళి చేసుకుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం, రెండు పాడైన ప్రతులూ వచ్చే అవకాశం. ఒకే ఊరివాళ్ళు ఊళ్ళోనే సంబంధాలు కలుపుకుంటూ తరాలు గడిపితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇంతవరకూ వైద్యం. నాకు ఆశ్చర్యంగా అనిపించేది దీని తర్వాతిది. చెవిటివాళ్ళు ఎవరో నలుగురే ఉంటే, ఇంట్లోవాళ్ళతో ఏవో సైగలు చేసుకుని సర్దుకుపోతారు. ప్రతి వాడలోనూ, బంధువుల్లోనూ ఒకరిద్దరు ఉంటే? దాదాపు ఐదు తరాలుగా ఆ సైగలు పెరిగి పెరిగి, సొంత వ్యాకరణం ఉన్న నిండు భాష అయింది. అదే కతా కోలొక్. ఇండోనేషియాలో మిగతాచోట్ల వాడే సైగల భాషతో దీనికి చుట్టరికం లేదు. ఎవరూ బడిలో నేర్పలేదు. వినికిడి ఉన్నవాళ్ళలోనూ సగానికి పైగా ఎంతోకొంత ఈ భాషలో మాట్లాడగలరు. ఊళ్ళో నీటి గొట్టాలు బాగుచెయ్యడం, శ్మశానంలో గొయ్యి తవ్వడం, కాపలా కాయడం లాంటి పనుల్లో కోలొక్‌లు ముందుంటారు. పెళ్ళిళ్ళు చేసుకుంటారు, పొలాలకు పోతారు, నాట్యబృందం కూడా ఉంది. చెవిటి దేవుడు ఉన్నాడన్న నమ్మకం కూడా ఉంది.

ఆ భాష తీరు చూడండి. కుడి, ఎడమ అనే గొడవ లేదు. ఎవరి గురించైనా చెప్పాలంటే వాళ్ళ ఇల్లు నిజంగా ఏ దిక్కున ఉందో అటు వేలు చూపిస్తారు, మధ్యలో గోడలు అడ్డమున్నా సరే. మన పల్లెల్లోనూ పెద్దవాళ్ళు 'తూర్పు పక్క ఇల్లు', 'పడమటి గట్టు' అనే అంటారు కదా, ఇది దానికి ఇంకో మెట్టు పైన. టైము చెప్పడమూ అంతే. పొద్దు ఆ వేళకు ఆకాశంలో ఎక్కడుంటుందో అక్కడికి చెయ్యి చాపితే సరిపోతుంది. నడినెత్తికి చూపిస్తే మిట్టమధ్యాహ్నం. తెల్లారి వస్తానన్నాడో, పొద్దు వాలాక వస్తానన్నాడో చెయ్యి వంపు చూస్తే తెలిసిపోతుంది. రంగులకు స్థిరమైన సైగలు నాలుగే ఉన్నాయి: తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చనూ నీలాన్నీ కలిపి ఒకటి. ఇంకేదైనా రంగు కావాలంటే ఎదురుగా ఆ రంగున్న వస్తువు వెతికి చూపిస్తారు. దిక్కులు, ఇళ్ళు, పొద్దు అందరికీ తెలిసిన ఊరు కాబట్టే ఇదంతా నడుస్తుంది. ఇదే సైగ తీసుకెళ్ళి హైదరాబాద్‌లో చేస్తే, ఎవరి ఇంటి వైపు వేలు చూపిస్తున్నారో ఎవరికీ అర్థం కాదు.

2007లో ఊళ్ళోని బడిలోనే చెవిటి పిల్లలను చేర్చుకుని కతా కోలొక్‌లో చెప్పడం మొదలుపెట్టారు. అంతకుముందు తరంలో చాలామందికి చదువే లేదు. పైచదువుకు బయటి ఊళ్ళలోని చెవిటి పిల్లల బడులకు వెళ్ళినవాళ్ళు అక్కడి సైగలు పట్టుకొస్తారు. స్నేహాలు కలుస్తాయి, పెళ్ళిళ్ళు కుదురుతాయి.

ఇక్కడే జన్యువు మళ్ళీ మలుపు తిరుగుతుంది. బెంగ్‌కాల అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ కోలొక్‌లైతే ఇద్దరిలోనూ పాడైంది ఒకే జన్యువు, కాబట్టి బిడ్డకూ చెవుడే. బయటి ఊరి చెవిటి అమ్మాయికి చాలాసార్లు వేరే జన్యువులో తేడా ఉంటుంది. అప్పుడు బిడ్డకు ఒక జన్యువుకు తండ్రి నుంచి పాడైన ప్రతి వస్తే తల్లి నుంచి మంచిది వస్తుంది, రెండో జన్యువుకు దీనికి ఎదురు. చెవిటి తల్లిదండ్రులకు హాయిగా వినపడే బిడ్డ. ఈ భాషను దగ్గరుండి పరిశీలించినవాళ్ళు 2012లో రాసేనాటికి, 2005 తర్వాత కతా కోలొక్ మాట్లాడే తల్లిదండ్రులకు చెవిటి బిడ్డ ఒక్కరూ పుట్టలేదు.