చిన్న విమానాలు, ఇంజిన్ ట్రబుల్: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో చిన్న విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడి చిన్న విమానాశ్రయం జక్కూరు అనగానే మన తెలుగువాళ్లకి సినీనటి సౌందర్య గారే గుర్తొస్తారు. 2004 ఏప్రిల్ 17న కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి ఆమె ఎక్కిన సెస్నా 180 అనే చిన్న విమానం అక్కడినుంచి టేకాఫ్ అయిన కాసేపటికే కూలింది. ఆమెతో పాటు మరో ముగ్గురు పోయారు. సింగిల్ ఇంజిన్ విమానమంటే మనవాళ్లకి భయం పట్టుకున్నది అప్పటినుంచే.

అపోహ: ఇంజిన్ ఆగితే రాయిలా పడిపోతుంది.

పడదు. సెస్నా 172 ఒక అడుగు దిగేలోపు తొమ్మిది అడుగుల దాకా ముందుకి సాగుతుంది. నేలకి 3000 అడుగుల పైన ఉంటే దాదాపు 8 కిలోమీటర్లు వస్తుంది, ఏ పొలమో చూసుకోవచ్చు. అసలు గండం టేకాఫ్ అయిన మొదటి నిమిషంలోనే. 300 అడుగుల దగ్గర ఇంజిన్ ఆగితే ఎవరికైనా వెనక్కి తిరిగి రన్‌వే మీదికి రావాలనిపిస్తుంది. ఆ మలుపులో స్పీడ్ పడిపోయి స్టాల్ అయిందా, అంటే రెక్కలకి పైకి నిలిపే బలం పోయిందా, సరిచేసుకునే ఎత్తు ఉండదు. అందుకే ముక్కు దించి ఎదురుగా ఉన్నచోటే దిగమని నేర్పుతారు. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 3000 అడుగుల ఎత్తులో ఉంది. గాలిని నొక్కి పంపే టర్బో లేని ఇంజిన్ ఇక్కడి పలచని గాలిలో పదో వంతు పవర్ కోల్పోతుంది, పైకి ఎక్కడమే నెమ్మది. జక్కూరు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తుంటే నాకు దిగులు అందుకే.

అపోహ: పాతవి కాబట్టి కూలుతాయి.

రోజూ ఎగురుతూ, టైముకి చెకింగ్ జరిగే పాత విమానం మీద నాకు నమ్మకముంది. నెలల తరబడి హ్యాంగర్‌లో పడున్నదంటేనే అనుమానం. సిలిండర్లలో తుప్పు, ఎండిపోయిన సీళ్లు, పిటాట్ ట్యూబ్‌లో కందిరీగల మట్టిగూడు... ఆ ట్యూబ్ మూసుకుపోతే స్పీడ్ మీటర్ తప్పు చూపిస్తుంది.

అపోహ: పార్టు ఉన్నట్టుండి పోతుంది, ఎవరూ ఏమీ చేయలేరు.

ఈ మాట వింటే బాధేస్తుంది. చాలాసార్లు ముందే సూచన ఉంటుంది. రాత్రి వాన పడిందనుకోండి, ట్యాంకు మూత సీలు సరిగ్గా లేకపోతే నీళ్లు దిగుతాయి. పొద్దున్నే రెక్క కింద డ్రెయిన్ నొక్కి కప్పులోకి ఫ్యూయల్ పట్టి చూడాలి. ఏవ్‌గ్యాస్, అంటే ఈ విమానాల పెట్రోలు, లేత నీలంగా ఉంటుంది, నీళ్లు రంగు లేకుండా అడుగున చేరతాయి. కప్పు నిండా నీళ్లే వస్తే మధ్యలో గీత కనపడదు, కొత్తవాళ్లు శుభ్రంగా ఉందనుకుంటారు. అందుకే రంగు చూడమంటాను.

రన్‌అప్‌లో, అంటే టేకాఫ్‌కి ముందు ఇంజిన్ పరీక్షలో, మ్యాగ్నెటో (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు ఇచ్చేది) చెక్ కూడా అంతే. ఒక్కో మ్యాగ్నెటో ఆపి చూసినప్పుడు ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) నిన్నటికన్నా ఎక్కువ పడినా "లిమిట్‌లోనే ఉంది కదా సార్" అని ట్రైనింగ్‌లో ఉన్న పైలట్లు వదిలేస్తారు. సీపీఎల్‌కి (కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి) 200 గంటల ఫ్లయింగ్ కావాలి, స్నాగ్ (విమానంలో కనపడిన లోపం) రాస్తే ఆ రోజు ఫ్లయింగ్ పోతుందని వాళ్ల భయం. బాబూ, మీరు రాయండి. విమానం ఆపే టెన్షన్ మాకు వదిలేయండి.

అపోహ: బ్లాక్ బాక్స్ దొరికితే అన్నీ తేలతాయి.

చిన్న ట్రైనింగ్ విమానాల్లో సాధారణంగా బ్లాక్ బాక్స్ ఉండదు. దర్యాప్తు చేసేవాళ్లు ప్రొపెల్లర్ బ్లేడ్లు ఎలా వంగాయో చూస్తారు. నేలని తాకినప్పుడు ఇంజిన్ పవర్‌లో ఉందో లేదో వాటినిబట్టి చాలావరకు తెలుస్తుంది. ఆయిల్ ఫిల్టర్ కోసి లోహపు రజను వెతుకుతారు. తర్వాత మా లాగ్‌బుక్కులు తెరుస్తారు, స్నాగ్ ఎప్పుడు రాశారు, ఏం చేశారు, ఎవరు సంతకం పెట్టారు అని.