మిల్లీసెకన్లలో కొలిచే పెట్రోలు

కారు ఇంజిన్‌లోకి ఎంత పెట్రోలు వెళ్తోందో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్‌కి, తెలియదు. దాన్ని కొలిచే మీటరేదీ అక్కడ ఉండదు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ని ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచాలన్నదే దాని చేతిలో ఉంది. ఈ ఇంజెక్టర్ నిమిషానికి 150 సీసీ పోస్తుందని ఫ్యాక్టరీలో ఒక అంకె రాసిపెడతారు, ఆ అంకెను నమ్ముకునే మిగతా లెక్కంతా నడుస్తుంది. ఆ ఇంజెక్టర్లు తీసేసి 300 సీసీవి పెడితే ఆ సంగతి ఈసీయూకి చెప్పేవాళ్లుండరు. అది పాత లెక్క ప్రకారమే తెరుస్తుంది, పెట్రోలు మాత్రం ఇంచుమించు రెట్టింపు పడుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల పక్కనే ఇప్పుడు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కార్లో కూర్చునే కుర్రాళ్లు కూడా కనిపిస్తున్నారు. వాళ్ల దగ్గరికొచ్చే ఫిర్యాదు దాదాపు ఒకేలా ఉంటుంది: "అన్నా, పికప్ అదిరిపోయింది. కానీ సిగ్నల్ దగ్గర ఏసీ వేస్తే బండి ఆగిపోతోంది." పవర్ కోసం చేయించిన పని ఫుల్ థ్రాటిల్‌లో, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, బాగానే ఉండి, బెంజి సర్కిల్ దగ్గర కదలకుండా నిలబడ్డప్పుడు ఎందుకు పరువు తీస్తుంది? ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పెద్ద ఇంజెక్టర్ పెట్టినంత మాత్రాన ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. పవర్ ఎంతన్నది లోపలికి వెళ్లే గాలిని బట్టి ఉంటుంది. 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో కొంచెం ఎక్కువ పోసి ఆ నిష్పత్తిని 12.5, 13 మధ్య ఉంచుతారు, అంతకు మించి పోస్తే నష్టమే. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ తీసుకోండి. ఒక్కో సిలిండర్ 300 సీసీ, ఫుల్ థ్రాటిల్‌లో ఒక్కో విడతకి దాదాపు 0.3 గ్రాముల గాలి పీలుస్తుంది. రెండు చుట్లకి ఒక విడత కాబట్టి 6000 ఆర్‌పీఎమ్ దగ్గర నిమిషానికి 3000 విడతలు. ఈ లెక్కన ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 95 సీసీ చొప్పున పోయాలి. ఆ వేగంలో ఒక విడతకి దొరికే టైమ్ 20 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్‌ని అందులో 85 శాతానికి మించి తెరిచి ఉంచకపోవడం మంచిది, లేకపోతే మూసుకునే వ్యవధి చాలక అదుపు తప్పుతుంది. అలా చూసినా 112 సీసీ ఇంజెక్టర్ చాలు, 150 సీసీది హాయిగా సరిపోతుంది. అదే ఇంజిన్‌కి టర్బో తగిలించి బయటి గాలికన్నా 0.7 బార్ ఎక్కువ ఒత్తిడితో గాలిని తోస్తే 190 సీసీ దాకా కావాలి. పెద్ద ఇంజెక్టర్ల అవసరం నిజంగా వచ్చేది అప్పుడే. టర్బో లేని కారుకి పెద్దవి బిగించుకునేవాళ్లు డబ్బిచ్చి తలనొప్పి కొనుక్కుంటున్నట్టే.

"ఆక్సిజన్ సెన్సర్ ఉంది కదా, అదే సర్దుకుంటుందిలే" అనే మాట ఒకటి తరచు వినిపిస్తుంది. అందులో సగం నిజముంది. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ లాంబ్డా సెన్సర్ 1976లో వోల్వో కార్లలో మొదట వచ్చింది. సైలెన్సర్ గొట్టంలో కూర్చుని, కాలాక ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తుంది. ఎక్కువ మిగిలితే ఈసీయూ పెట్రోలు కాస్త పెంచుతుంది, తక్కువైతే తగ్గిస్తుంది. స్కానర్ పెట్టి చూస్తే ఫ్యూయల్ ట్రిమ్ అని కనిపించేది ఈ సర్దుబాటే. కానీ దానికి హద్దుంది. చాలా కార్లలో అది 25 శాతం అటూ ఇటూ ఉంటుంది. ఇంజెక్టర్లు రెట్టింపైతే మనకి కావాల్సిన కోత 50 శాతం. ట్రిమ్ మైనస్ 25 దగ్గర గోడకి తగిలి ఆగిపోతుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, పెట్రోలు ఎక్కువైందని చెప్పే పీ0172 కోడ్ వస్తుంది. పైగా చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడూ, చాలా కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడూ ఈసీయూ ఆ సెన్సర్ మాట వినదు. ఆ రెండు చోట్లా తప్పు తప్పుగానే ఉండిపోతుంది. ప్లగ్గులు మసి పట్టి నల్లబడతాయి, కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తుంది, చివరికి పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడవుతుంది.

సరే, ఈసీయూలో 150 అన్న అంకెని 300గా మార్చేశాం అనుకుందాం. ఫుల్ థ్రాటిల్ చక్కబడుతుంది. ఐడిల్, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరగడం, చక్కబడదు. దానికి కారణం ఇంజెక్టర్ లోపలి ఒక చిన్న ఆలస్యం.

ఇంజెక్టర్ అంటే ఒక తీగచుట్ట, దాని కింద స్ప్రింగు నొక్కి ఉంచిన చిన్న వాల్వు. కరెంటు ఇవ్వగానే అది తెరుచుకోదు. తీగలో అయస్కాంత బలం పుట్టి, స్ప్రింగునీ పెట్రోలు ఒత్తిడినీ గెలిచి పైకి లేవడానికి కొంత టైమ్ పడుతుంది. కరెంటు తీసేశాక మూసుకోవడానికి ఇంకొంత, కాకపోతే అది తక్కువ. ఈ రెండింటి తేడానే డెడ్ టైమ్ అంటారు. మామూలుగా 14 వోల్టుల దగ్గర అది ఒక మిల్లీసెకను చుట్టుపక్కల ఉంటుంది. గుంటూరు వైపు పొలాల్లో బోరు మోటారు స్విచ్ వేసినా పైపు నిండేదాకా నీళ్లు పడవు. గంటసేపు తడి పెట్టేవాడికి ఆ ఆలస్యం లెక్కలోకే రాదు. ఒక్క బిందె పట్టుకుని వెంటనే ఆపేవాడికి మాత్రం సగం టైమ్ అందులోనే పోతుంది.

ఐడిల్‌లో ఇంజెక్టర్ పరిస్థితి బిందె పట్టుకునేవాడిదే. మన 1.2 లీటర్ల ఇంజిన్ ఊరికే నిలబడి తిరిగేటప్పుడు గంటకి సుమారు 0.7 లీటర్లు తాగుతుందనుకోండి. 800 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 400 సార్లు చిమ్ముతుంది. ఒక్కో చిమ్ముకి పడేది 0.0073 సీసీ, అంటే ఒక మామూలు చుక్కలో ఏడో వంతు. పాత 150 సీసీ ఇంజెక్టర్‌కి అంత పోయడానికి 2.9 మిల్లీసెకన్లు పడుతుంది. 300 సీసీదైతే 1.5 చాలు. 600 సీసీదైతే 0.7 మాత్రమే. డెడ్ టైమ్ కోసం మీద కలపాల్సిన మిల్లీసెకను మాత్రం మూడింటికీ ఇంచుమించు అంతే ఉంటుంది.

ఇప్పుడు ఏసీ వేద్దాం. కంప్రెసర్ క్లచ్, రేడియేటర్ ఫ్యాన్, మే నెలలో ఫుల్ స్పీడులో బ్లోయర్, రాత్రయితే హెడ్‌లైట్లు కూడా. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ అంత కరెంటు ఇవ్వలేక వోల్టేజి 14 నుంచి 12కి జారుతుంది. వోల్టేజి తగ్గితే తీగలో అయస్కాంత బలం నెమ్మదిగా పుడుతుంది, డెడ్ టైమ్ 1.0 నుంచి 1.3కి పెరిగిందనుకుందాం. ఈసీయూలో ఆ సంగతి సరిగ్గా రాసి లేకపోతే ప్రతి చిమ్ములోనూ 0.3 మిల్లీసెకన్ల పెట్రోలు ఎగిరిపోతుంది. 150 సీసీ ఇంజెక్టర్‌కి అది 10 శాతం లోటు. ట్రిమ్ సర్దేస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. 300 సీసీ దానికి 20 శాతం. 600 సీసీ దానికి 40 శాతం, ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది. ఆగకుండా తట్టుకున్నా, సెన్సర్ చూసి ఈసీయూ పెట్రోలు పెంచేలోపు ఫ్యాన్ ఆగి వోల్టేజి మళ్లీ లేస్తుంది, ఈసారి ఎక్కువైపోతుంది. ఆర్‌పీఎమ్ ముల్లు అలా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. బెంజి సర్కిల్ దగ్గర బండి ఆగిపోవడం వెనక కథ ఇదే.

అందుకే పెద్ద ఇంజెక్టర్లు కొనేటప్పుడు నేను ముందు చూడమనేది వాటి సీసీ కాదు, వాటితో డెడ్ టైమ్ పట్టిక వస్తోందా లేదా అని. 8 వోల్టుల నుంచి 16 దాకా ఏ వోల్టేజికి ఎంత ఆలస్యమో, ఏ ఫ్యూయల్ ప్రెషర్ దగ్గర కొలిచారో అందులో ఉండాలి. 3 బార్ దగ్గర 300 సీసీ పోసేది 4 బార్ దగ్గర 346 పోస్తుంది, ఎందుకంటే ధార ఒత్తిడి వర్గమూలంతో పాటు పెరుగుతుంది. ఆ పట్టిక లేని ఇంజెక్టర్లు ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. వాటిని ట్యూన్ చేసేవాడు చీకట్లో రాయి వేయాల్సిందే.

ఈ పట్టికల బాధ పడలేక కొందరు ఒక అడ్డదారి తొక్కుతారు, అది ప్రమాదం. ఇంజెక్టర్ అంకె ముట్టుకోకుండా, గాలిని కొలిచే సెన్సర్ సిగ్నల్‌ని మధ్యలో ఒక చిన్న పెట్టె పెట్టి సగానికి తగ్గిస్తారు. గాలి సగమే వస్తోందనుకుని ఈసీయూ సగం టైమే తెరుస్తుంది, ఇంజెక్టర్ రెట్టింపు కాబట్టి పెట్రోలు సరిపోతుంది. లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. కానీ అదే గాలి లెక్క చూసి ఈసీయూ స్పార్క్ ఎప్పుడివ్వాలో కూడా నిర్ణయిస్తుంది. లోడు తక్కువ ఉంటే స్పార్క్ ముందుగా ఇవ్వాలి, ఎక్కువైతే ఆలస్యంగా ఇవ్వాలి. సగం లోడే ఉందని నమ్మిన ఈసీయూ, ఫుల్ లోడు మీద ఉన్న ఇంజిన్‌కి చాలా ముందుగా నిప్పంటిస్తుంది. 45 డిగ్రీల ఎండలో, టర్బో ఒత్తిడి మీద, అది నాకింగ్‌కి, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు లేకుండా పేలడానికి, పిలిచి పీట వేయడమే. నాక్ సెన్సర్ కొంతవరకే కాపాడుతుంది, ఆ తర్వాత పిస్టన్‌కి చిల్లే. పెట్రోలు విషయంలో చెప్పిన ఒక్క అబద్ధం స్పార్క్ దాకా పోతుంది. ఇంజెక్టర్ గురించి నిజం రాసేస్తే మిగతా పట్టికలు చాలావరకు ముట్టుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా గమనించండి. మామూలు ఇంజెక్టర్ తీగ 12 నుంచి 16 ఓమ్‌లు ఉంటుంది, ఒక ఆంపియర్ కరెంటుతో పనైపోతుంది. కొన్ని పాత రకం పెద్ద ఇంజెక్టర్లు 2, 3 ఓమ్‌లే ఉంటాయి. వాటిని నేరుగా తగిలిస్తే ఐదారు ఆంపియర్లు లాగి ఈసీయూలోని డ్రైవర్ ట్రాన్సిస్టర్‌ని కాల్చేస్తాయి. బిగించేముందు మల్టీమీటర్ పెట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

తమాషా ఏంటంటే, ఈ విద్య మన ఊరికి కొత్తేమీ కాదు. కార్లకి సీక్వెన్షియల్ సీఎన్‌జీ కిట్లు బిగించేవాళ్లు చేసేది దీని చిన్నాన్న కొడుకు లాంటి పనే. కిట్‌లోని చిన్న కంప్యూటర్, అసలు ఈసీయూ పెట్రోలు ఇంజెక్టర్‌కి పంపే టైమ్‌ని పట్టుకుని, దాన్ని గ్యాస్ ఇంజెక్టర్‌కి తగ్గట్టు సాగదీస్తుంది. ఎంత సాగదీయాలో మెకానిక్ ల్యాప్‌టాప్‌లో సర్దుతాడు. పెట్రోలు మీద నడిపినప్పుడూ గ్యాస్ మీద నడిపినప్పుడూ అసలు ఈసీయూ అడిగే టైమ్ ఒకేలా ఉంటే సర్దుబాటు కుదిరినట్టు. ఆ పని ఓపికగా చేసే మెకానిక్‌కి పెద్ద ఇంజెక్టర్ల ట్యూనింగ్ ఒకట్రెండు రోజుల్లో అర్థమైపోతుంది.

అంకెలు రాశాక రోడ్డెక్కాలి. గాలి, పెట్రోలు నిష్పత్తిని మీటరు మీద అంకెగా చూపించే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ బిగించి, ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ పెట్టుకుని, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు చూడాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తామంటే చావుతో చెలగాటమే. ఊళ్లో సిగ్నళ్ల దగ్గర ఐడిల్, వారధి దాటి మంగళగిరి మీదుగా కాజ టోల్‌గేట్ దాకా ఒకే వేగంతో క్రూజింగ్, ఈ రెండింటి రికార్డు చాలా చెబుతుంది. ట్రిమ్ ఐడిల్‌లోనూ హైవేలోనూ ఒకే శాతం తప్పుంటే ఇంజెక్టర్ సీసీ అంకె తప్పు. ఐడిల్‌లో ఎక్కువ తప్పి, వేగం పెరిగేకొద్దీ తగ్గుతూ పోతే డెడ్ టైమ్ తప్పు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే గంటల పని మిగులుతుంది. ఫుల్ థ్రాటిల్ పరీక్ష మాత్రం రోడ్డు మీద వద్దు, బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే డైనో మీదే చేయించండి.

ఆక్సిజన్ సెన్సర్ చేసే ఒక మోసం తెలిసి ఉండాలి. అది చూసేది ఆక్సిజన్‌ని, పెట్రోలుని కాదు. పెట్రోలు మరీ ఎక్కువై ఒక సిలిండర్ మండకుండా మిస్సయితే, కాలని గాలంతా బయటికొచ్చి సెన్సర్‌కి తగులుతుంది. మీటరు పెట్రోలు తక్కువైందని చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇంకా పోస్తే ఇంకా మిస్సవుతుంది. మీటరు ఒకటి చెబుతూ ప్లగ్గు ఇంకోటి చెబితే నేను ప్లగ్గునే నమ్ముతాను.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి సరిగ్గా కాలే నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. అయినా మీటరు మీద 14.7 అనే కనిపిస్తుంది, ఎందుకంటే అది లాంబ్డా (ఉన్న నిష్పత్తిని సరిగ్గా కాలే నిష్పత్తితో భాగిస్తే వచ్చే అంకె) కొలిచి పెట్రోలు స్కేలులోకి మార్చి చూపిస్తుంది. అందుకే నిష్పత్తులు పక్కనపెట్టి లాంబ్డాలోనే ట్యూన్ చేయడం సుఖం. పాత మ్యాప్‌తో, అంటే ఈసీయూలో రాసిన పాత పట్టికలతో, ట్రిమ్ ఎనిమిది తొమ్మిది శాతం ప్లస్‌లో కనిపిస్తే ఇంజెక్టర్ల మీద పడకండి, ముందు ఆ మ్యాప్ ఏ పెట్రోలు మీద రాశారో కనుక్కోండి.

వీటన్నిటికీ ముందు ఆలోచించుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. ఇలాంటి మార్పుతో వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. తప్పు మ్యాప్‌తో తిరిగే బండి పొగ పరీక్ష దగ్గర దొరికిపోతుంది.

అన్నిటికన్నా చివర తేలేది కోల్డ్ స్టార్ట్. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి కాబట్టి దాన్ని పొద్దున్నే ఒక్కసారి మాత్రమే పరీక్షించగలం. తప్పొస్తే సర్ది మళ్లీ మర్నాటిదాకా ఆగాలి. పెద్ద ఇంజెక్టర్ చిన్న చిమ్ముల్లో పెట్రోలుని అంత సన్నగా చల్లదు, చల్లటి గోడల మీద అది ఆవిరి కాకుండా అంటుకుపోతుంది. అందుకే పాత కోల్డ్ స్టార్ట్ పట్టికని కూడా కొంత సవరించాల్సి వస్తుంది. పైగా విజయవాడలో డిసెంబరు, జనవరిలో కూడా తెల్లవారుజామున 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. పట్టికలో అంతకన్నా చల్లటి గడులన్నీ ఇక్కడ పరీక్షకి నిలబడవు, ట్యూనర్ అంచనాతో నింపుతాడు. సంక్రాంతి సెలవులకి అదే కారేసుకుని లంబసింగి వెళ్లినవాళ్లకి ఆ అంచనా ఎంత బాగుందో మర్నాడు తెల్లారేసరికి తెలుస్తుంది. ల్యాప్‌టాప్ ఉన్నవాడు మాత్రం ఆ టైమ్‌కి ఆటోనగర్‌లో నిద్రపోతుంటాడు.